నిచ్చెన కదల్లేదు

అతన్ని పనిచేసేచోట అందరూ ఆకాశరామన్న అనేవారు. పేరూ ఊరూ రాయకుండా ఉత్తరాలు పడేసేవాణ్ణి అలా అంటారు గానీ, ఇతను ఎవరి మీదా ఒక్క ముక్క రాసి ఎరగడు. టవర్ క్రేన్ నడిపేవాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, ఇనుప స్తంభం లోపలి మెట్లెక్కి పైనున్న అద్దాల గదిలో కూర్చున్నాడంటే మళ్లీ భోజనం వేళకు గానీ నేల మీద కాలు పెట్టడు. కింద పనిచేసేవాళ్లలో సగం మందికి అతని మొహం తెలియదు. రేడియోలో వినిపించే గొంతు మాత్రం అందరికీ తెలుసు. "జరగండి, వస్తోంది" అని ఆ గొంతు అంటే జరిగేవారు. మనిషి కనపడడు, మాట మాత్రం పైనుంచి దిగివస్తుంది. అందుకని ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

పెళ్లికి ముందునుంచీ అతనిది అదే పని. మంచి పనివాడన్న పేరుంది. బరువును ఊగనివ్వకుండా దింపడం అతని దగ్గరే నేర్చుకోవాలనేవారు. ఇనుప చువ్వల కట్టనైనా నిద్రపోతున్న పసిపిల్లను మంచం మీద పడుకోబెట్టినట్టు దింపేవాడు.

డిసెంబరు మొదట్లో ఒక ఉదయం, కొక్కెం ఎటు వెళ్తోందో చూద్దామని అతను తల ఎడమవైపు తిప్పాడు. అంతే, లోకం కూడా తిరిగింది. ఎదురుగా కడుతున్న భవనం, దాని వెనక రోడ్డు, రోడ్డు మీద బస్సులు అన్నీ కలిసి ఒక పక్కకు జారిపోసాగాయి. అతను రెండు చేతుల్లోని మీటలూ వదిలేశాడు. వదిలేస్తే క్రేన్ ఎక్కడిదక్కడ ఆగుతుంది. కింద చువ్వల కట్ట గాలిలో వేలాడుతూ మెల్లగా ఊగింది.

"ఏమైందన్నా?" అని రేడియోలో కిందనుంచి సిగ్నల్ ఇచ్చేవాడు అడిగాడు.

"గాలి," అన్నాడు అతను కళ్లు మూసుకుని.

ఆ రోజు చెట్టు మీద ఆకు కదల్లేదు. అవతలి గొంతు "సరే" అంది.

కొద్దిసేపటికి అన్నీ తమ తమ చోట్లకు వచ్చి నిలబడ్డాయి. అతను కట్టను దింపాడు, సాయంత్రం దాకా పని చేశాడు, ఇంటికి వెళ్లాడు. పైత్యం అనుకున్నాడు. నిద్ర చాలలేదనుకున్నాడు. రెండు రోజుల తర్వాత మంచం మీద పక్కకు తిరిగితే మళ్లీ వచ్చింది. బూట్ల తాడు కట్టుకుని పైకి లేస్తే వచ్చింది. తల ఎలా తిప్పితే వస్తుందో కనిపెట్టి, అలా తిప్పడం మానేశాడు. ఎటు చూడాలన్నా నడుము పైభాగమంతా తిప్పి చూసేవాడు.

"మెడ పట్టిందా?" అని భార్య అడిగింది.

"పట్టింది," అన్నాడు. ఆమే మాట అందించింది, అతను అందుకున్నాడు.

ఆమె ఒక పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. వేడి అంటే ఆమెకు ఆటబొమ్మ. రోజూ పని నుంచి వచ్చాక తువ్వాలు మడిచి ఇస్త్రీపెట్టెతో వేడి చేసి అతని మెడకు కాపడం పెట్టేది. సుఖంగా ఉండేది. మెడకు ఏమీ లేదు గనక సుఖంగానే ఉంటుంది మరి.

వాళ్లుండే ఇల్లు ఒకప్పుడు దారం ఉండలు నిలవ చేసిన గిడ్డంగి. మేడ మీద భాగాన్ని చెక్కలతో అడ్డాలు కట్టి ఇళ్లుగా మార్చారు. గదులు చిన్నవి, కప్పు మాత్రం అందనంత ఎత్తు. చలికాలంలో వెచ్చదనమంతా పైకి పోయి కూర్చుంటుంది, మనుషులు కింద వణుకుతారు. ఆ కప్పు వల్ల ఆ ఇంట్లో ఒక్కటే లాభం. క్రిస్మస్‌కు ఎంత పొడుగు చెట్టయినా పడుతుంది. ప్రతి ఏడూ మిగతావాళ్లు పొట్టి చెట్లు ఏరుకుంటుంటే, ఆకాశరామన్న బావమరిది వెళ్లి, పొడుగని ఎవరూ ముట్టని చెట్టును భుజానికెత్తుకొచ్చేవాడు.

బావమరిది గోడలకు రంగులు వేస్తాడు. నోరు పెద్దది, మనసు మంచిది. నిచ్చెన అతనిదే. రెండు పక్కలకూ కాళ్లు విప్పి నిలబెట్టే చెక్క నిచ్చెన, అతను వేసిన ప్రతి రంగూ దాని మీద ఒక చుక్క వదిలింది. ఆ ఆదివారం మధ్యాహ్నం చెట్టును ఒక భుజాన, నిచ్చెనను ఇంకో భుజాన వేసుకుని మేడెక్కి వచ్చాడు.

"తలుపు తియ్యండి, అడవి వచ్చింది," అన్నాడు గుమ్మంలో.

"కాళ్లు తుడుచుకుని రారా అడవి మనిషీ," అంది లోపలినుంచి వాళ్లమ్మ.

ఆవిడ ఆకాశరామన్నకు అత్తగారు. కూతురి దగ్గరే ఉంటుంది. ఒకప్పుడు దర్జీ పని చేసి పిల్లల్ని పెంచింది. ఇప్పుడు మోకాళ్లు సహకరించక, కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఇల్లంతా నడిపిస్తుంది. క్రిస్మస్ చెట్టు విషయంలో ఆవిడ మాటే మాట. ముందు దీపాల తీగ, తర్వాత బరువైనవి కింది కొమ్మలకు, తేలికవి పై కొమ్మలకు, చిట్టచివర నక్షత్రం. ఈ వరస తప్పితే పీకించి మళ్లీ పెట్టిస్తుంది.

అలంకరణ సామాను ఒక పాత సూట్‌కేసులో ఉంటుంది. ఆకాశరామన్న భార్య నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ కాగితంలోంచి విప్పి ఇస్తోంది. గాజు బంతులు కొన్ని, వాటి మీది వెండిపూత మచ్చలు మచ్చలుగా పోయింది. అత్తగారు దర్జీ పని చేసే రోజుల్లో మిగిలిన ముక్కలతో కుట్టిన గుడ్డ పిట్టలు. ఎవరి పెళ్లిబట్ట ఏ పిట్టయిందో ఆవిడకు ఇప్పటికీ గుర్తే. "ఆ పచ్చపిట్టను వెనక్కి పెట్టు. ఆ పెళ్లి నిలవలేదు," అంటుంది. నక్షత్రం బావమరిది చేసిందే. రంగు డబ్బా మూతను కత్తిరించి బంగారు రంగు పూశాడు. ఒక పక్కకు బరువెక్కువై ప్రతి ఏడూ తల వాల్చేసేది.

ఆకాశరామన్నకు పదిహేడేళ్ల కూతురుంది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. దీపాల తీగ చిక్కు విప్పడం ఆమె వంతు. "ఎవరు చుట్టి పెట్టారు దీన్ని?" అని ప్రతి ఏడూ అడుగుతుంది. చుట్టి పెట్టింది నువ్వేనని ప్రతి ఏడూ అమ్మ చెబుతుంది.

ఆకాశరామన్న ఆ మధ్యాహ్నమంతా కింది కొమ్మల దగ్గరే తచ్చాడాడు. తల నిటారుగా పెట్టుకుని, కళ్లెదురుగా ఉన్న కొమ్మలకు మాత్రమే తగిలించాడు. పై కొమ్మలన్నీ బావమరిది కానిచ్చాడు. ఇక నక్షత్రం మిగిలింది.

"బావా, నీ వంతు," అన్నాడు బావమరిది నిచ్చెన దిగుతూ.

"ఎలాగూ ఎక్కావుగా, నువ్వే పెట్టెయ్."

"బాగుంది. ఏడాది పొడుగునా నేల విడిచి సాము చేసేవాడివి నువ్వు. నీకీ నిచ్చెన ఒక లెక్కా?"

"అల్లుడే పెట్టాలి," అంది అత్తగారు. "వీడు పెడితే మొదటి రోజే పడుతుంది. చేసింది వీడేగా."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కాదనడానికి ఒక కారణం కావాలి. అతని దగ్గర ఉన్న కారణం ఒక్కటే, అది చెప్పేది కాదు. కూతురు నిచ్చెనను రెండు చేతులా పట్టుకుంది. అతను నక్షత్రం తీసుకుని ఎక్కాడు.

ఎక్కడం బాగానే ఎక్కాడు. మెట్టు మీద మెట్టు, కళ్లు చెట్టు మానుమీద. పైమెట్టు దగ్గరికొచ్చాక చిటారు కొమ్మ ఇంకా కాస్త పైనుంది. తల ఎత్తితే తప్ప కనపడదు. ఎత్తాడు.

కప్పు దూలాలు చక్రంలా తిరిగాయి. అతని చేతులు దొరికిందల్లా పట్టుకున్నాయి. దొరికింది చెట్టు. చెట్టుకు పట్టుకునేది ఏమీ లేదు. ఇద్దరూ కలిసి పడ్డారు.

అతను సోఫా చేతి మీద పడి, అక్కణ్ణుంచి నేలకు జారాడు. మోచేయి గీరుకుపోయింది. చెట్టు గదికి అడ్డంగా పడి, దాని చివరి భాగం కిటికీ దగ్గరి కుర్చీ మీదికి వాలింది. గాజు బంతులు పగిలిన చప్పుడు ఆగాక ఇంట్లో ఏ చప్పుడూ లేదు. అత్తగారు కనపడటం లేదు. కుర్చీ ఉండాల్సిన చోట కొమ్మలున్నాయి.

"అమ్మా," అంది ఆకాశరామన్న భార్య.

కొమ్మల్లోంచి జవాబొచ్చింది. "నన్ను బయటికి తీస్తారా, నాకూ దీపాలు చుడతారా?"

బావమరిది చెట్టును లేవనెత్తాడు. ఆవిడ జుట్టు నిండా ఆకులు, చెంప మీద ఒక గీత, ఒళ్లో ఆ నిలవని పెళ్లి పచ్చపిట్ట. అంతకుమించి ఏమీ కాలేదు. కాలేదని తేలాక ఆవిడకు కోపమొచ్చింది.

"నీ దిక్కుమాలిన నిచ్చెన," అంది కొడుకుతో. "ఎన్నిసార్లు చెప్పాను దాని కాళ్లు వదులయ్యాయని? ఈపాటికి మనిషి నడుం విరిగేది. పైగా దానికింద పిల్ల నిలబడి ఉంది."

"నిచ్చెనకేం అమ్మా, రాయిలా ఉంటుంది. మొన్న దాని మీదే..."

"ఇంకా మాట్లాడతావా? రాయిలా ఉంటే ఎలా పడ్డాడు? అంత ఎత్తున కూర్చుని పనిచేసే మనిషి ఈ పీట మీంచి పడతాడా?"

బావమరిది బావవైపు చూశాడు. ఒక్క మాట సాయం వస్తుందేమోనని చూశాడు. ఆకాశరామన్న తేలు కుట్టిన దొంగలా మోచేయి చూసుకుంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం ఒకటి. అసలు ఆడినవాడు నోరెత్తకుండానే నలుగురూ మద్దెలను తిడుతుంటే చూస్తూ కూర్చోవడం ఇంకొకటి. అతనికి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అయినా నోరు పెగల్లేదు.

బావమరిది నిచ్చెన మడిచి భుజాన వేసుకున్నాడు. అక్క టీ తాగి వెళ్లమంది. "వద్దులే అక్కా," అని వెళ్లిపోయాడు. మెట్ల మీద నిచ్చెన గోడకు తగిలిన చప్పుడు చివరిదాకా వినిపించింది.

వంటగది కొళాయి దగ్గర కూతురు తండ్రి మోచేయి కడిగింది. దూదితో తుడిచింది. మందు రాసింది. అతను కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తూ నిలబడ్డాడు.

"నాన్నా, నిచ్చెన కదల్లేదు," అంది ఆమె.

"కదిలే ఉంటుందమ్మా. నీకు తెలిసి ఉండదు."

"నా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. నువ్వు పడ్డాక కూడా అది అక్కడే నిలబడి ఉంది. అందరూ చెట్టును చూశారు. నేను నిన్ను చూస్తున్నా. పైకి చూశావు, నీ కళ్లు అదోలా అటూ ఇటూ కొట్టుకున్నాయి, అప్పుడు చేతులు వదిలేశావు."

అతను మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

"ఇదే మొదటిసారా?"

కొళాయిలోంచి బొట్లు పడుతున్నాయి. అతను చేయి చాచి దాన్ని గట్టిగా కట్టేశాడు.

"కాదు," అన్నాడు.

"క్రేన్ మీద కూడా వచ్చిందా?"

"ఒకసారి."

ఆమె దూది చెత్తబుట్టలో పడేసింది. "రేపు ఎక్కుతావా?"

"ఎక్కక ఏం చేస్తాను? రేపు అద్దాలొస్తున్నాయి. పెద్దవి, ఒక్కోటి గోడంత ఉంటుంది."

"కింద మనుషులుంటారా?"

"ఉంటారు."

"నేను అమ్మకు చెప్పను," అంది కూతురు. "నువ్వే చెప్పు." తుండుగుడ్డ తండ్రి చేతికిచ్చి ముందుగదిలోకి వెళ్లిపోయింది.

అతను ముందుగదిలోకి వచ్చేసరికి భార్య గాజుపెంకులు ఊడ్చేసింది. ముగ్గురూ కలిసి చెట్టును లేపి, మళ్లీ పడకుండా బట్టలారేసే తాడుతో కిటికీ చువ్వకు కట్టారు. అత్తగారు కుర్చీలో కళ్లు మూసుకుంది. అలసిపోయిందనుకున్నారు. మిగిలిన వస్తువులు మొదటినుంచీ మళ్లీ తగిలించాల్సి వచ్చింది. ఆకాశరామన్న నేల మీద కూర్చుని కింది కొమ్మకు ఒక గుడ్డపిట్టను కడుతూ, ముడి వైపే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. కళ్లు తిరుగుతున్నాయని చెప్పాడు. ఎప్పటినుంచో చెప్పాడు. చువ్వల కట్ట సంగతి, గాలి అని అబద్ధమాడిన సంగతి చెప్పాడు. చెప్పాక చూస్తే ఆ పిట్టకు ఎన్నో ముళ్లు పడి ఉన్నాయి.

భార్య కాగితాలు మడిచి సూట్‌కేసులో పెడుతోంది.

"అయితే మెడకేమీ లేదన్నమాట," అంది చివరికి.

"లేదు."

"రోజూ తువ్వాళ్లు వేడి చేశాను."

"హాయిగానే ఉండేది."

"హాయిగా ఉండక. నేను ఎనిమిది గంటలు అక్కడ ఇస్త్రీ చేసి వచ్చి, మళ్లీ ఇక్కడ చేశాను." ఆమె గొంతు పెంచలేదు. కాగితాన్ని మాత్రం కావలసినదానికంటే ఎక్కువ మడతలు పెట్టింది. "రేపు ఎక్కకండి."

"ఎక్కనంటే ఎందుకని అడుగుతారు. చెప్తే ఇంక మళ్లీ ఎక్కనివ్వరు. ఈ పని తప్ప నాకేం వచ్చు?"

"ఇవాళ చెట్టు పడింది, సర్దుకుంటున్నాం," అంది ఆమె. "రేపు పడేదాన్ని ఎవరు సర్దుతారు?"

"ఎక్కొద్దని చెప్పు," అంది కుర్చీలోంచి అత్తగారు, కళ్లు తెరవకుండానే. ఆవిడ నిద్రపోలేదు.

నక్షత్రం ఇంకా నేల మీదే ఉంది. నిచ్చెన వెళ్లిపోయింది. భోజనాల బల్ల జరిపి దాని మీద స్టూలు వేశారు. కూతురు ఎక్కబోతే తల్లి ఆపింది. "నువ్వు పట్టుకోవడం బాగా పట్టుకుంటావు. పట్టుకో," అని చీరకుచ్చిళ్లు దోపుకుని ఆమే ఎక్కింది. పెళ్లయినప్పటినుంచి ఆ నక్షత్రం ఆమె పెట్టిందే లేదు. చిటారు కొమ్మకు గుచ్చి, తీగతో రెండు చుట్లు చుట్టి, వెంటనే దిగకుండా అక్కడే నిలబడి చుట్టూ చూసింది.

"ఏంటే?" అంది అత్తగారు.

"బీరువా మీద ఇంత దుమ్మా," అంది ఆమె. "ఈ ఇల్లు ఇలా ఉంటుందని నాకు ఇన్నాళ్లూ తెలీదు."

మర్నాడు ఉదయం అతను ఎప్పటిలాగే ముందుగా వెళ్లాడు. రాత్రంతా అనుకున్నది ఒకటే, మేస్త్రి రాగానే చెప్పేయాలని. కానీ స్తంభం దగ్గరికి వెళ్లేసరికి చేయి దానంతటదే మెట్టును పట్టుకుంది. ఇనుము చల్లగా, అలవాటుగా ఉంది. ఈ ఒక్క రోజుకు కళ్లు తిరగకపోవచ్చు కదా అనిపించింది. పరీక్షగా తల పైకెత్తాడు. స్తంభం మబ్బుల్లోకి మెలి తిరుగుతూ పోయింది. అతను మెట్టు వదిలి అక్కడే మట్టిలో కూర్చున్నాడు.

సైటు మేస్త్రి చేతిలో టీ గ్లాసుతో వచ్చేసరికి అలాగే ఉన్నాడు.

"ఏం రామన్నా, ఇక్కడ కూర్చున్నావేంటి? అద్దాల లారీ మలుపు తిరిగింది."

"నేను ఎక్కను. కళ్లు తిరుగుతున్నాయి."

"కాస్త టీ తాగు, తగ్గుద్ది."

"ఇవాళ్టిది కాదు. ఈ నెల మొదట్నుంచీ ఉంది."

మేస్త్రి చెడ్డవాడు కాదు. తొందరలో ఉన్నవాడు. లారీ వైపు చూశాడు, పైకి చూశాడు, గ్లాసులోకి చూశాడు. "ఈ ఒక్క రోజు ఎలాగో లాగించు. మెల్లగా చెయ్యి, నిన్నెవరూ తొందరపెట్టరు. రేపట్నుంచి ఇంకొకర్ని తెప్పిస్తా."

"అద్దం పైకి వెళ్లేటప్పుడు మీరు దాని కింద నిలబడతారా?" అన్నాడు ఆకాశరామన్న. దెప్పినట్టు కాదు, నిజంగానే అడిగాడు.

మేస్త్రి టీ పారబోసి ఫోన్ తీశాడు.

ఆ రోజు క్రేన్ కదల్లేదు. లారీ రోడ్డుకు అడ్డంగా నిలబడితే వెనక బస్సులు హారన్లు కొట్టాయి. పనివాళ్లు గుంపులుగా కూర్చుని అతనివైపు చూసి ఏదో అనుకున్నారు. పగలంతా అతను చెక్కల గుట్ట మీద కూర్చున్నాడు. వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. మధ్యాహ్నం ఒక బక్కపలచని మనిషి వచ్చి పక్కన కూర్చున్నాడు. నోరు తెరిచాక గానీ ఎవరో తెలియలేదు. రేడియోలో సిగ్నల్ ఇచ్చేవాడు. ఆ గొంతుకు ఇంకా భారీ మనిషి ఉంటాడనుకున్నాడు ఇన్నాళ్లూ.

"అన్నా, ఆ రోజు గాలి లేదు కదూ?"

"లేదు."

"అనుకున్నా."

"మరి మేస్త్రికి చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావనుకున్నా," అన్నాడు అతను. టోపీ తీసి పక్కన పెట్టి, "ఆ చువ్వలు నా నెత్తి మీదే ఉన్నాయన్నా ఆ రోజు," అన్నాడు. తర్వాత భోజనం డబ్బా విప్పి సగం ఇటు జరిపాడు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల పక్కకు తిప్పి, ఉన్నట్టుండి వెనక్కి పడుకోబెట్టింది. గది గిర్రున తిరిగింది. ఆమె అతని కళ్లలోకి చూసి, ఇదే అంది. చెవి లోపల సన్నటి రేణువులు ఉంటాయట, అవి తమ చోటు వదిలి వేరేచోటికి జారితే ఇలా అవుతుందట. తలను అటు తిప్పి ఇటు తిప్పి వాటిని మళ్లీ చోటికి పంపింది. తగ్గుతుంది, మళ్లీ రావచ్చు, రాకపోనూ వచ్చు అంది. ఇక రాదని నమ్మకం కుదిరేదాకా క్రేన్ ఎక్కకూడదంది.

ఇంట్లో ఈ మాట చెబితే అత్తగారు ఆశ్చర్యపోలేదు. "సిమెంటు పనిలో ఉంటే చెవిలో ఇసుక చేరక ఏం చేరుతుంది?" అంది. ఎంత విడమరిచి చెప్పినా ఆవిడ ఆ ఇసుకను వదల్లేదు.

బావమరిది ఆ ఆదివారం తర్వాత మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే పని ఉందన్నాడు. పండగ రెండు రోజులుందనగా ఆకాశరామన్న వెతుక్కుంటూ వెళ్లాడు. ఒక ఆఫీసు మెట్లగోడకు బావమరిది రంగు వేస్తున్నాడు. అదే నిచ్చెన మీద ఉన్నాడు. దాని నాలుగు కాళ్లకూ కొత్త మేకులు, అడ్డంగా రెండు కొత్త చెక్కలు మెరుస్తున్నాయి.

"ఏం బావా, ఇలా వచ్చావ్?" అన్నాడు కుంచె ఆపకుండా.

"నిచ్చెన కదల్లేదురా. నాకే కళ్లు తిరిగాయి. ఆ రోజే చెప్పాల్సింది."

కుంచె ఆగింది. బావమరిది మెల్లగా దిగి కిందిమెట్టు మీద కూర్చున్నాడు. చేతికున్న రంగును గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"నాకు తెలుసనుకున్నా," అన్నాడు. "కదల్లేదనే అనుకున్నా. కానీ అమ్మ అలా అన్నాక, నువ్వూ ఏమీ అనకపోయాక, నాకే అనుమానమొచ్చింది. పిల్ల కింద నిలబడి ఉందంది అమ్మ. అదే మాట చెవిలో తిరుగుతూ ఉంది. ఎక్కినప్పుడల్లా కదిలినట్టే అనిపించేది. ఇన్ని మేకులు కొట్టాను, అయినా కదిలినట్టే ఉంది."

ఆకాశరామన్న నిచ్చెన మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. కదల్లేదు.

"ఏమనుకోకురా," అన్నాడు.

"అనుకున్నానులే ఈ నాలుగు రోజులూ. బోలెడు అనుకున్నా," అన్నాడు బావమరిది. "కళ్లు తిరగడం ఇప్పుడెలా ఉంది?"

పండగ రోజు బావమరిది వచ్చాడు. ఆకాశరామన్న అందరి ముందూ, అత్తగారికి వినపడేలా, తప్పు నిచ్చెనది కాదని చెప్పాడు. ఆవిడ విన్నది. కొడుకును తేరిపార చూసి, కేకుముక్క పెద్దది ఏరి ప్లేటులో పెట్టింది. అంతటితో ఆవిడ వైపునుంచి అయిపోయినట్టే. "అయినా దాని కాళ్లు కొంచెం వదులేరా," అంది. ఆ మాటకు బావమరిదే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

జనవరిలో ఆకాశరామన్నను కింద సిగ్నల్ ఇచ్చే పనిలో పెట్టారు. బక్కపలచని అతన్ని పక్క సైటుకు పంపారు. పైన గదిలోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన చెయ్యి, తొందర కాస్త ఎక్కువ. మొదటి రోజుల్లో ఆమె ప్రతి మాటకూ ఎదురు మాట చెప్పేది. అతనికీ మీటల కోసం చేతులు దురదపెట్టేవి. తల ఎత్తకుండా కొక్కేన్ని చూడటం ఎలాగో అతనికి అర్థమయ్యేది కాదు. చివరికి బాగా దూరంగా నిలబడితే మెడ వెనక్కి వంచనక్కర్లేదని కనిపెట్టాడు. అందరూ బరువు దగ్గరుంటే అతనొక్కడూ గేటు దగ్గర రేడియో పట్టుకుని నిలబడేవాడు.

నేల మీద తనకు తెలియనివి చాలా ఉన్నాయని అతనికి అప్పుడే తెలిసింది. పైనుంచి చూస్తే పసుపు టోపీలు మాత్రమే కనిపించేవి. ఇప్పుడు వాటికింద మొహాలున్నాయి. ఎప్పుడూ నసిగే గొంతు ఒక నవ్వుమొహం మనిషిది. ఎప్పుడూ మర్యాదగా మాట్లాడే గొంతు వాడు పక్కవాడి టీ తాగేసే రకం. ఒకతను ప్రతి బరువూ దిగేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. ఎన్నేళ్లుగా అలా మూసుకుంటున్నాడో పైనున్నవాడికి ఏం తెలుస్తుంది?

ఆ సంగతి ఒక సాయంత్రం ఇంట్లో చెప్పాడు. భార్య బట్టలు మడుస్తోంది. కూతురు చదువుకుంటోంది.

"మళ్లీ ఎక్కనిస్తారా నాన్నా?" అంది కూతురు పుస్తకంలోంచి తలెత్తి.

"ఎండాకాలం దాకా కళ్లు తిరగకపోతే చూద్దామంటున్నారు."

"నీకు ఎక్కాలనుందా?"

అతను బూట్ల తాడు విప్పడానికి వంగి, జాగ్రత్తగా, మెల్లగా పైకి లేచాడు. గది ఎక్కడిదక్కడే ఉంది.

"ఉంది," అన్నాడు. "రోజూ పొద్దున ఆ స్తంభం దగ్గరికి వెళ్లినప్పుడు మరీ ఎక్కాలనుంటుంది. పని మొదలయ్యాక మర్చిపోతాను."

భార్య మడత పెట్టిన చొక్కా అతనికి అందించింది. రేపు వేసుకునేది.